రెయిడ్ 5 అనుకుని మొదలుపెట్టి రెండు డిస్కుల దగ్గర ఆగాం

మాది తెనాలిలో చిన్న స్టూడియో, పెళ్లి వీడియోలు చేస్తాం. నేను, మా బావమరిది, ఇద్దరు కుర్రాళ్లు. 4కెలో తీయడం మొదలుపెట్టాక మాకు కెమెరాల కంటే డిస్కులే పెద్ద తలనొప్పి అయిపోయాయి. సెకనుకి 100 మెగాబిట్ల మీద రికార్డు చేస్తే ఒక్క కెమెరా గంటకి 45 జీబీ తింటుంది. మూడు కెమెరాలు, ఒక డ్రోను పెట్టుకుని పెళ్లికూతుర్ని చేసిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా తీస్తే ఒక పెళ్లి 400 జీబీ దాటకుండా తేలదు. ముహూర్తాలు గట్టిగా ఉన్న నెలలో ఇలాంటివి ఏడెనిమిది పడతాయి.

రెండు డిస్కులు పట్టే యూఎస్‌బీ డబ్బా ఒకటి కొన్నాం అప్పట్లో. వెనకాల చిన్న స్విచ్ ఉండేది, అటు తిప్పితే రెయిడ్ 0, ఇటు తిప్పితే రెయిడ్ 1. రెయిడ్ అంటే కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే డిస్కులా వాడుకునే పద్ధతి. ఒకవైపు పెడితే కంప్యూటర్‌లో 8 టీబీ కనపడింది, ఇంకోవైపు పెడితే 4 కనపడింది. ఎక్కువ కనపడినవైపే పెట్టాం, అంతే, దాని గురించి ఇంకేమీ చదవలేదు. రెయిడ్ అనే మాట 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌తో బయటికొచ్చిందని, అందులో లెక్క 1 నుంచి 5 దాకానే ఉందని, 0 తర్వాత వచ్చి చేరిందని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. చేరిన సున్నాకి అర్థం కూడా అదే, రక్షణ సున్నా. రెండు డిస్కుల మీదా ముక్కలు ముక్కలుగా పంచి రాస్తుంది కాబట్టి ఏ ఒక్కటి పోయినా రెండోది ఉన్నా లేనట్టే. రెయిడ్ 1 అయితే రెండిట్లోనూ ఒకటే రాస్తుంది.

ఒకరోజు రాత్రి ఎడిటింగ్ మధ్యలో డబ్బాలోంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. ఆరు పెళ్లిళ్లున్నాయి అందులో. నాలుగు అప్పటికే డెలివరీ అయిపోయాయి, ఒకదాని కార్డులు ఇంకా ఫార్మాట్ చేయలేదు. ఆరోది పోయింది. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసే ఒకచోటికి పంపితే నలభై ఎనిమిది వేలు అవుతుంది, గ్యారంటీ లేదు అన్నారు, పది రోజులయ్యాక లోపల పళ్లెం మీద గీతలు పడ్డాయి, కుదరదని తిప్పి పంపారు. మా దగ్గర మిగిలింది డ్రోను షాట్లు, ఒక కెమెరాలో సగం. పెళ్లికూతురు నాన్నగారికి చెప్పడానికి నేనే వెళ్లాను. ఆయన తిట్టలేదు. "మా అమ్మ అక్షింతలు వేసింది చూడు, అదొక్కటి ఉందేమో వెతుకు బాబూ" అన్నాడు. లేదు. అడ్వాన్సు తిరిగిచ్చి వచ్చేశాను.

తర్వాత ఆషాఢం వచ్చింది, పనుల్లేవు. ఈసారి సరిగ్గా చేద్దామని కూర్చున్నాం. నెట్‌వర్క్‌లో అందరి కంప్యూటర్లకీ కనపడే స్టోరేజీ, అదే నాస్, ఒకటి పెట్టుకోవాలని నిర్ణయం. రెడీమేడ్ డబ్బా కొనకుండా, పాత ఎడిటింగ్ పీసీ ఒకటి ఖాళీగా ఉంది కాబట్టి అందులో ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ వేద్దాం అనుకున్నాం. క్యాబినెట్‌లో నాలుగు డిస్కులకి చోటుంది. తేలాల్సింది ఒకటే, ఆ నాలుగింటినీ ఎలా కలపాలి?

ఎవర్ని అడిగినా రెయిడ్ 5 అనేవారు. దాని సంగతి మా బావమరిదికి నేనిలా చెప్పాను. ముగ్గురు అన్నదమ్ముల జమాఖర్చులు మూడు పుస్తకాల్లో ఉన్నాయనుకో, ఏ పేజీకాపేజీ మొత్తం నాలుగో పుస్తకంలో రాసిపెట్టారు. ఏ ఒక్క పుస్తకాన్ని చెదలు తిన్నా, మిగతావి చూసుకుని కూడికలు తీసివేతలు చేస్తే పోయింది బయటికొస్తుంది. రెండు పోతే మాత్రం చేతులెత్తేయాలి. నిజంలో ఆ మొత్తాలన్నీ ఒకే డిస్కు మీద ఉండవు, నాలుగింటి మీదా పంచి ఉంటాయి, కానీ లెక్క అదే. రెయిడ్ 6లో రెండో రకం లెక్క ఇంకోటి కూడా రాస్తారు, ఏ రెండు పోయినా పర్లేదు. రెయిడ్ 10 అంటే లెక్కలేమీ లేవు, రెండేసి డిస్కుల జంటలు, జంటలో రెండిట్లోనూ ఒకటే సరుకు.

నాలుగు 8 టీబీ డిస్కులు కొంటే రెయిడ్ 5లో 24 వస్తుంది, 6లోనూ 10లోనూ 16 వస్తుంది. (8 టీబీ అని కొన్నది విండోస్‌లో 7.28 అని కనపడుతుంది, అది మోసం కాదు, వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది.) ఆ 24 చూడగానే నా నోట్లో నీళ్లూరాయి, దాచుకోవడం దేనికి. ఒకసారి స్విచ్ తిప్పి దెబ్బ తిన్నవాణ్ణి మళ్లీ ఎక్కువ కనపడినవైపే చూస్తున్నాను.

మా బావమరిదే ఆపాడు. "బావా, ముందు పాత డిస్కులతో ఆడుకుందాం" అన్నాడు. పాత పీసీల్లోంచి పీకిన 1 టీబీ డిస్కులు నాలుగు ఉన్నాయి మూల అట్టపెట్టెలో. అవి బిగించి, ట్రూనాస్ డిస్కుల మీద ఫైళ్లు రాసుకునే పద్ధతి అయిన జడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5కి సమానమైన రెయిడ్-జడ్1 చేసి, పాత పెళ్లిళ్లతో దాదాపు నింపి, మిషన్ నడుస్తుండగా ఒక డిస్కు కేబుల్ పీకేశాం. ఏమీ అవలేదు, వీడియో ఆడుతూనే ఉంది. బావమరిది చప్పట్లు కొట్టాడు. అప్పుడు ఇంకో డిస్కు పెట్టి రీబిల్డ్ మొదలుపెట్టాం, దాన్నే జడ్‌ఎఫ్‌ఎస్ వాళ్లు రీసిల్వర్ అంటారు. మూడున్నర గంటలు పట్టింది. రెండో గంటలో మిగిలిన డిస్కుల్లో ఒకటి చదవడంలో తప్పులు చూపించడం మొదలైంది. చివర్లో స్టేటస్ చూస్తే మూడు ఫైళ్లు పాడయ్యాయని వాటి పేర్లతో సహా చెప్పింది. మిగతావన్నీ బాగున్నాయి.

ఆ మూడు పేర్లూ చూశాక నాకు అసలు విషయం అర్థమైంది. డిస్కు పోయిన రోజు ప్రమాదం కాదు, అది పోయాక కొత్తది నిండేదాకా ఉండే గంటలు ప్రమాదం. ఆ గంటల్లో మిగిలిన పాత డిస్కులన్నిట్లో ఉన్నదంతా చదవాలి. వాటిలో ఎప్పుడో పాడై, ఎవరూ ముట్టుకోక బయటపడని చోటు ఉంటే అది సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. పాత రకం రెయిడ్ కార్డుల్లో కొన్నిటికి ఇలాంటి ఒక్క తప్పు తగిలినా మొత్తం సెట్టునే పక్కన పడేసే అలవాటు ఉంది. జడ్‌ఎఫ్‌ఎస్ కాబట్టి మూడు ఫైళ్లతో వదిలింది.

దీని మీద నెట్‌లో భయపెట్టే లెక్క ఒకటి తిరుగుతుంటుంది. మామూలు డిస్కుల కాగితం మీద 10 టు ది పవర్ 14 బిట్లకి ఒక చదవలేని తప్పు రావచ్చని రాసి ఉంటుంది, అంటే దాదాపు 12.5 టీబీకి ఒకటి. నాలుగు 8 టీబీ డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పోతే మిగతా మూడిట్లో 24 టీబీ చదవాలి కాబట్టి రీబిల్డ్ ఫెయిలవడం ఖాయం అంటారు. అది నిజమైతే నిండుగా ఉన్న ప్రతి నాస్‌లోనూ నెలకోసారి జరిగే తనిఖీలో తప్పులు కుప్పలుగా రావాలి, రావు. ఆ అంకె కంపెనీ ఇచ్చే హద్దే, బాగున్న డిస్కులు దానికంటే చాలా మెరుగ్గానే ఉంటాయి. నన్ను భయపెట్టింది ఆ లెక్క కాదు. ఒకే షాపులో ఒకే రోజు కొన్న ఒకే బ్యాచ్ డిస్కులు, ఒకే డబ్బాలో, మా ఊరి మే నెల ఎండలో, ఒకే కరెంటు కోతలు తింటూ ఉంటాయి. ఒకటి పోయిందంటే రెండోదానికీ అదే జబ్బు ఉండొచ్చు.

దాంతో రెయిడ్ 6కి వచ్చేశాం. పాత డిస్కుల మీద రెయిడ్ 6కి సమానమైన రెయిడ్-జడ్2 చేసి రెండు కేబుళ్లు పీకినా బతికింది. రెయిడ్ 10 కూడా అంతే చోటు ఇస్తుంది కదా అని బావమరిది వాదించాడు, రాయడం వేగం, రీబిల్డ్ తేలిక, నిజమే. కానీ ఒక డిస్కు పోయాక మిగిలిన మూడిట్లో దాని జంట పోతే మునుగుతాం, మూడింట ఒక వంతు. జడ్2లో రెండోది ఏది పోయినా మునగం. వేగం సంగతంటే కంప్యూటర్లని కలిపే మా నెట్‌వర్క్ స్విచ్ గిగాబిట్‌ది, ఎలా చేసినా సెకనుకి 110 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, లోపల ఎంత పరిగెత్తినా బయటికి సందు అంతే. కాబట్టి జడ్2. ఎస్టిమేషన్ కూడా తెప్పించాను, నాలుగు డిస్కులకి ఎనభై అయిదు వేలకి కాస్త అటూ ఇటూ.

ఆ కాగితం మా ఆవిడ చేతికిచ్చాను, లెక్కలన్నీ తనే చూస్తుంది. "ఇది కొన్నాక ఇంకో కాపీ ఎక్కడుంటుంది?" అంది. ఇంకో కాపీ దేనికి, రెండు డిస్కులు పోయినా ఉంటుందన్నాను. "డబ్బా మొత్తం ఎవడైనా ఎత్తుకుపోతే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

రెయిడ్ వేరు, బ్యాకప్ వేరు అని అప్పటికి నేను ఒక ఇరవై చోట్ల చదివి ఉంటాను. చదివి తలూపి ముందుకెళ్లిపోయాను. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క కూడా తెలుసు, మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊళ్లోనో ఇంట్లోనో. మాలాంటి పనిలో ఉన్నవాడే చెప్పిన మాట అది. అయినా ఉన్న డబ్బంతా ఒకే డబ్బాలో డిస్కుల మీద పెట్టబోయాను. దొంగతనం, పిడుగు, వైరస్, మా కుర్రాడి వేలు, వీటిలో ఒక్కదానికీ జడ్2 అడ్డుపడదు.

అప్పుడు లెక్క తిరగేశాం. 16 టీబీ కావాలి కదా. నాలుగు ఎనిమిదుల బదులు రెండు పదహారులు అద్దంలా పెడితే, అంటే మిర్రర్, అదే 16 వస్తుంది. మూడో పదహారు కొని బయట పెడితే బ్యాకప్. మూడింటికీ కలిపి లక్ష దాటింది, మా ఆవిడ ఒప్పుకుంది. డబ్బాలో ఒక డిస్కు పోతే రక్షణ లేకుండా నడవాల్సి వస్తుంది, అది జడ్2 కంటే తక్కువే, కాదనను. కానీ రెండూ పోయినా ఇంకోచోట సరుకు ఉంటుంది. పైగా మిర్రర్‌కి మార్పులు తేలిక, కావాలంటే రేపు మూడో డిస్కు తగిలించి మూడు డిస్కుల అద్దం చేసుకోవచ్చు, ఇంకో జంట చేర్చి చోటు పెంచుకోవచ్చు. రెయిడ్-జడ్ సెట్టుకి ఒక్కో డిస్కు చేర్చే సదుపాయం ఓపెన్ జడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో 2025 జనవరిలో వచ్చింది గానీ, జడ్1ని జడ్2గా మార్చడం మాత్రం ఇప్పటికీ కుదరదు. మొదట ఏది ఎంచుకుంటే అదే.

ఎనిమిది డిస్కులు, పది డిస్కులు పెట్టేవాళ్లకి నేను మిర్రర్ చెప్పను, వాళ్లకి జడ్2నే సరైనది, అన్ని డిస్కుల్లో రక్షణ కోసం వదులుకునే చోటు రెండు డిస్కులదే. నాలుగు గూళ్లవాళ్లకే ఈ గొడవంతా.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త పడ్డాం. షాపతను కాస్త చవకలో ఇంకో మోడల్ చూపించాడు, పెద్ద కంపెనీదే. మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ కాగితం తీస్తే అది ఎస్‌ఎంఆర్ రకం. పెంకుటింటి కప్పు చూశారుగా, పెంకు మీద పెంకు కొంచెం ఎక్కి ఉంటుంది, అలాగే ఆ డిస్కుల్లో రాతల వరసలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉంటాయి. కింది పెంకు మార్చాలంటే పైవి ఎత్తాలి. మామూలుగా ఫైళ్లు దాచుకోవడానికి పర్లేదు, రీబిల్డ్‌లాగా గంటల తరబడి ఆపకుండా రాయాల్సి వస్తే నత్తనడక పడుతుంది, కొన్నిసార్లు నాస్ విసిగిపోయి డిస్కు చచ్చిపోయిందనుకుంటుంది. నాస్‌కి సీఎంఆర్, అంటే వరసలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కని రకం, అని రాసి ఉన్నదే తీసుకోవాలి. రెండు డిస్కులు ఒకచోట, మూడోది ఇంకోచోట కొన్నాం, బ్యాచ్ వేరవుతుందని.

బిగించాక సరుకు ఎక్కించకముందే మళ్లీ పీకుడు పరీక్ష. ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటి. తెర మీద ఫలానా డిస్కు పోయిందని వస్తోంది, క్యాబినెట్‌లో అది పైదా కిందదా? మేం బాగున్నది పీకేశాం. పూల్, అంటే డిస్కులన్నీ కలిపి చేసిన స్టోరేజీ, మొత్తం ఆగిపోయింది. ఖాళీ పూల్ కాబట్టి సరిపోయింది, పెళ్లిళ్లు ఉన్న రోజైతే గుండె ఆగేది. ఆ పూటే ప్రతి డిస్కు సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు తెల్ల స్టిక్కర్ మీద రాసి డిస్కు ముందుభాగాన అంటించాం. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టి దాని యూఎస్‌బీ తీగ నాస్‌కి ఇచ్చాం, కరెంటు పోయి బ్యాటరీ తగ్గితే తనంతట తనే ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉందిగా అనుకోవద్దు, బ్యాటరీ అయిపోతోందని అది నాస్‌కి చెప్పలేదు. గంటకోసారి స్నాప్‌షాట్, అంటే ఫైళ్లు ఆ క్షణాన ఎలా ఉన్నాయో అలా గుర్తుపెట్టుకోవడం, నెలకోసారి స్క్రబ్, అంటే ఉన్నదంతా చదివి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం.

మూడో డిస్కు గుంటూరులో మా అక్క వాళ్లింట్లో ఉంటుంది. నెలకోసారి పాసింజర్‌లో వెళ్లి తెచ్చుకోవడం, కొత్త సరుకు ఎక్కించడం, మళ్లీ ఇచ్చి రావడం. మొదటిసారి టవల్‌లో చుట్టి టిఫిన్ సంచిలో పెట్టుకెళ్లాను. ఆ సంచిలో ఏముందో అక్క మూడుసార్లు అడిగి, చివరికి పట్టుచీరల బీరువాలో పెట్టింది.

మొదటి పరీక్ష శ్రావణంలోనే వచ్చింది, డిస్కు వల్ల కాదు. కుర్రాడు చోటు ఖాళీ చేద్దామని పాతదనుకుని కొత్త పెళ్లి ఫోల్డర్ కొట్టేశాడు. నెట్‌వర్క్‌లోంచి కొట్టేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. అద్దంలో రెండువైపులా ఒకేసారి పోయింది, అద్దం పని అదే కదా. వాడి మొహం తెల్లబోయింది. గంట ముందు స్నాప్‌షాట్‌లో అంతా ఉంది, పది నిమిషాల్లో వెనక్కి తెచ్చుకున్నాం. జడ్2 పెట్టి స్నాప్‌షాట్లు పెట్టకపోయి ఉంటే ఇంకో నాన్నగారి గుమ్మం ఎక్కేవాణ్ణి.

రెండోది మాఘంలో, ముహూర్తాల మధ్యలో. పొద్దున్నే మెయిల్ వచ్చింది, రెండో డిస్కులో చదివే తప్పులు. ముందు కేబుల్ మార్చాను, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. రెండ్రోజులకి పెండింగ్ సెక్టార్లు, అంటే డిస్కు చదవలేకపోతున్న చోట్లు, పెరుగుతున్నాయి, సరే, డిస్కే. టెన్షన్ లేదని చెప్పను, ఉంది. అప్పటికి గుంటూరు కాపీ మూడు వారాల పాతది, ఈ మూడు వారాల్లో నాలుగు పెళ్లిళ్లు అయ్యాయి, ముందు ఆ నాలుగూ రెండు ల్యాప్‌టాప్‌ల్లోకి ఎక్కించాం. ఖాళీ గూళ్లు రెండు ఉన్నందుకు అప్పుడు సంతోషం వేసింది, ఎందుకంటే జబ్బు డిస్కుని పీకక్కర్లేదు, దాన్ని ఉంచే పక్కన కొత్తది పెట్టి మార్చమని చెప్పొచ్చు. అది చదవగలిగినంత అదీ చదివిపెడుతుంది, రక్షణ పూర్తిగా తగ్గదు. పూల్‌లో అప్పటికి 9 టీబీ ఉంది, జడ్‌ఎఫ్‌ఎస్ ఖాళీ చోటు జోలికి వెళ్లకుండా ఉన్నదే కాపీ చేస్తుంది కాబట్టి పదిహేను గంటల్లో అయిపోయింది. ఎడిటింగ్ ఆపలేదు, కాస్త నెమ్మదించింది అంతే. చెడిన డిస్కు వారంటీలో మారి రావడానికి మూడు వారాలు పట్టింది, ఈలోగా కొత్తది డబ్బు పెట్టి కొన్నదే. పంపేటప్పుడు ఒకటి గుర్తొచ్చింది, ఎన్‌క్రిప్షన్, అంటే తాళం లేనివాళ్లు చదవలేకుండా రాసే ఏర్పాటు, పెట్టుకోలేదు. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ మోస్తూ డిస్కు కొరియర్‌లో వెళ్లిపోయింది. పూల్ చేసేటప్పుడే ఆ టిక్కు పెట్టి ఉండాల్సింది.

ఇంకో లోపం కూడా ఉంది. గుంటూరు డిస్కు తెచ్చి ఇక్కడ ఎక్కిస్తున్న ఒక పూటంతా అన్ని కాపీలూ ఒకే గదిలో ఉంటాయి. వారంటీలో వచ్చిన డిస్కు ఇప్పుడు ఖాళీగా ఉంది కాబట్టి దాన్ని రెండో బ్యాకప్ చేసి, ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకునేలా తిప్పుదామని చూస్తున్నాం. బావమరిది మాత్రం దాన్నీ డబ్బాలోనే పెట్టి మూడు డిస్కుల అద్దం చేద్దామంటాడు, ఈ ఆషాఢానికి తేలుస్తాం. ఇంకో డిస్కు తెస్తానని అక్కకి ఫోన్ చేస్తే, "ఒరే, ఉన్నదానికే చీరలు ఒక పక్కకి జరిపాను, రెండోది మీ బావ బట్టల అరలో పెట్టుకో" అంది.